అశ్వగంధకు బరువొక్కటే కొలమానమా?

వర్షాభావ ప్రాంతాలకు అశ్వగంధ అనువైన పంట అని విస్తరణ సాహిత్యం చాలాకాలంగా చెబుతున్నది. ఆ మాటలో అసత్యం లేదు. నీరు నిలవని తేలికపాటి ఎర్రనేలల్లో ఆగస్టు, సెప్టెంబరు మాసాల్లో విత్తిన పెన్నేరు 150 నుంచి 180 రోజుల్లో తవ్వకానికి వస్తుంది. అనంతపురం రైతుకూ, మధ్యప్రదేశ్‌లోని నీమచ్, మందసౌర్ రైతులకూ ఇది తెలిసిన లెక్కే. అయితే ఆ లెక్క ఒక నమ్మకం మీద ఆధారపడి ఉన్నది: వానలు వెనుదిరిగిన తరువాత వాతావరణం పొడిగా మారుతుందని, వేరు ముదిరే వేళకు నేల ఆరి ఉంటుందని. నేడు సడలుతున్నది ఆ నమ్మకమే.

బెట్టకు గురైన మొక్కలో ఔషధ గుణం పెరుగుతుందని సదస్సుల్లో తరచుగా వినవస్తుంది. మితమైన బెట్టలో కిరణజన్య సంయోగక్రియ కంటే ముందు పెరుగుదల మందగిస్తుంది. మిగిలిన కర్బనంలో కొంత భాగం ద్వితీయ జీవరసాయనాల తయారీకి మళ్లుతుంది. అందువల్ల శాతం పెరగడం సహజమే. కానీ శాతం వేరు, ఎకరా దిగుబడి వేరు. లెక్క కోసం, మంచి ఏడాదిలో ఎకరాకు 250 కిలోల ఎండు వేరు, అందులో 0.4 శాతం వితనోలైడులు ఉన్నాయనుకుంటే మొత్తం ఒక కిలో. బెట్ట ఏడాదిలో అది 0.5 శాతానికి పెరిగినా, వేరు 150 కిలోలకు పడిపోతే చేతికి వచ్చేది 750 గ్రాములే. పైగా రైతుకు చెల్లింపు బరువును బట్టి జరుగుతుంది. మార్కెట్‌లో వేరు పొడవు, లావు, తెలుపు, పెళుసుదనం చూసి శ్రేణి కడతారు తప్ప లోపలి రసాయనాన్ని కొలిచి ధర కట్టడం అరుదు. బెట్ట నష్టం రైతుది, పెరిగిన శాతం కొనుగోలుదారుది. ఈ సంగతి చెప్పకుండా బెట్టను గుణవర్ధకంగా కీర్తించడం సమంజసం కాదు.

అకాల వర్షం అంతకంటె చేటు. ముదిరిన వేరు చుట్టూ తేమ నిలిస్తే కుళ్లు సోకుతుంది. మొక్క తిరిగి చిగురిస్తే వేరులో నిలవ ఉన్న పిండిపదార్థం ఆ చిగుళ్లకు ఖర్చవుతుంది. తవ్విన వేరు కళ్లంలో ఆరకపోతే బూజు పడుతుంది. బెట్టలో బరువు పోయినా గుణం కొంతైనా మిగులుతుంది. ఇక్కడ రెండూ పోతాయి. అయినా మన పరిశోధన ప్రణాళికల్లో బెట్టకు దక్కిన స్థానం కోతకాలపు వర్షానికి దక్కలేదు.

సాగు పంటకు విత్తే తేదీని మార్చుకునే వెసులుబాటైనా ఉన్నది. అడవి మొక్కకు అదీ లేదు. హిమాలయాల్లో 3,000 మీటర్లకు పైన పెరిగే కటుకరోహిణి వేడికి తాళలేక మరింత ఎత్తుకు జరగవచ్చు, శిఖరం ముగిసేదాకా. శేషాచలం రాతి వాలుల్లోని మారేడుగడ్డకు ఎక్కడానికి అంత కొండ లేదు. దిగితే పొలాలు, ఊళ్లు. అలాగని గడ్డ కనిపించని ప్రతి చోటా వాతావరణాన్ని నిందించడం తొందరపాటు. గునపం చేసిన పనికి ఉష్ణోగ్రతను బాధ్యురాలిని చేయరాదు. వేళ్లతో సహా పెకలించిన చోట ముందు సేకరణ ఒత్తిడిని లెక్కించి, ఆ తరువాతే వాతావరణ ప్రభావాన్ని విడదీయాలి. మొక్క ఎక్కడ బతకగలదో అంచనా వేసే కంప్యూటర్ నమూనాలు విద్యార్థుల సిద్ధాంత గ్రంథాల్లో విరివిగా కనిపిస్తున్నాయి. అవి చూపేది ఆవాసాన్ని మాత్రమే. అక్కడ బతికిన మొక్క వేరులో ఏముంటుందో ఆ పటం చెప్పదు.

కనుక ఔషధ పంటల ప్రయోగ ఫలితాలను క్వింటాళ్లలో ముగించే అలవాటు మారాలి. ఒకే రకాన్ని మూడు నాలుగు తేదీల్లో విత్తి, ఎండు వేరు బరువుతో పాటు వితనోలైడుల శాతాన్నీ, హెక్టారుకు వాటి మొత్తాన్నీ, తవ్వకానికి ముందు 30 రోజుల వర్షపాతాన్నీ ఒకే పట్టికలో నమోదు చేయడం కష్టమేమీ కాదు. ప్రతి పరిశోధన స్థానంలోనూ విశ్లేషణ యంత్రం ఉండనక్కరలేదు. నమూనాను సరిగా ఆరబెట్టి, తేదీ, పొలం వివరాలు రాసి, యంత్రం ఉన్న ప్రయోగశాలకు పంపితే చాలు. వివరాలు లేని నమూనాను ఎంత ఖరీదైన యంత్రంలో పెట్టినా వచ్చేది ఒక అంకె మాత్రమే.