నాన్న కట్టేసిన ఫ్యాను

2024 మే నెల. హైదరాబాద్‌లో ఎండలు మండిపోతున్నాయి. అమ్మా నాన్నా నరసరావుపేట నుంచి మా ఇంటికొచ్చి పది రోజులైంది. ఆ రోజు ఆఫీసు నుంచి మధ్యాహ్నమే వచ్చేశాను. తలుపు తీసేసరికి నాన్న హాల్లో కూర్చుని పేపరు మడిచి విసురుకుంటున్నారు. బనీను తడిసి ముద్దయిపోయింది. నెత్తిమీద ఫ్యానుంది, గోడకి స్విచ్చుంది, కరెంటు కూడా ఉంది!

"ఏంటి నాన్నా ఇది?" అన్నాను.

"ఒక్కణ్ణే ఉన్నా కదరా, నా ఒక్కడికీ దండగెందుకు?" అన్నారు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. గట్టిగానే అరిచాను. ఆయన బీపీ మనిషి. తర్వాత అమ్మ వంటింట్లోకి పిలిచి చెప్పింది అసలు సంగతి. రెండ్రోజుల క్రితం నేనే కరెంటు బిల్లు టేబుల్ మీద పడేసి "ఈ ఇంట్లో స్విచ్చి కట్టే నాథుడే లేడు" అని విసుక్కున్నానట. నేనన్నది మా ఆవిడతో. విన్నది నాన్న.

ఆ బిల్లు 318 యూనిట్లు. ఫిక్స్‌డ్ చార్జీలూ గట్రా వదిలేస్తే 1952 రూపాయలు. నేను వారాంతంలో ఒక్క సినిమాకీ హోటలుకీ తగలేసేదానికంటే తక్కువ. దానికోసం మా నాన్న ఉడికిపోతూ కూర్చున్నారు.

సరే, తప్పు చేశాక మనలాంటివాళ్ళు చేసే పని ఏముంది, లెక్కలు తీయడమే కదా! ఆదివారం కింద మీటరు దగ్గర నేను, పైన స్విచ్చుల దగ్గర మా ఆవిడ, మధ్యలో ఫోను. మీటర్లో ఒక చిన్న ఎర్రదీపం మిణుకుమంటూ ఉంటుంది చూశారా? మా మీటరు మీద 3200 అని రాసుంది, అంటే అది 3200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్. నిమిషానికి ఎన్నిసార్లో లెక్కపెడితే ఎన్ని వాట్లో తెలిసిపోతుంది. సాధనాలేం కొనక్కర్లేదు.

హాల్లో ఫ్యాను వేస్తే నిమిషానికి 4 సార్లు, అంటే 75 వాట్లు. గీజరు వేస్తే దాదాపు 107 సార్లు, 2000 వాట్లు. మా పాత ఏసీ 80 సార్లు, 1500 వాట్లు. ఇక ఆఖరున ఫ్రిజ్‌తో సహా "అన్నీ కట్టేశాను" అంది మా ఆవిడ. అయినా దీపం నిమిషానికి 3 సార్లు మిణుకుమంటూనే ఉంది! సెట్‌టాప్ బాక్సు, వైఫై రూటరు, ఇన్వర్టరు, ప్లగ్గులో వదిలేసిన నా ఆఫీసు మానిటరు. అన్నీ కలిపి 56 వాట్లు. తక్కువే అనిపిస్తుంది కానీ రోజుకి 24 గంటలు, నెలకి 30 రోజులు వేస్తే 40 యూనిట్లు.

ఇప్పుడు నాన్న ఫ్యాను సంగతి చూడండి. రోజుకి ఆరు గంటలు కట్టేస్తే మిగిలేది అర యూనిట్ కూడా కాదు, సుమారు నాలుగు రూపాయలు. అదే సమయంలో నా మానిటరూ సెట్‌టాప్ బాక్సూ ఏ పనీ లేకుండా కరెంటు తాగుతున్నాయి. చలికాలంలో వేసిన గీజరు స్విచ్చి మే నెలలో కూడా వేసే ఉంది. ఎవరూ స్నానం చెయ్యకపోయినా, నీళ్ళు చల్లారినప్పుడల్లా థర్మోస్టాట్ దాన్ని మళ్ళీ వెలిగిస్తుంది. ఇక ఏసీ అంటారా, 18లో పెట్టి దుప్పటి కప్పుకునే జాతి నాది. 18లో పెడితే గది తొందరగా చల్లబడుతుందనుకునేవాణ్ణి. మామూలు ఏసీలో కంప్రెసరు వేగం మారదు, ఎక్కువసేపు ఆగకుండా తిరుగుతుందంతే. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం ఆదా అని స్టార్ రేటింగులిచ్చే కేంద్ర సంస్థ బీఈఈ చెప్తుంది. 2020 నుంచి కొత్త ఏసీలన్నీ ఆన్ చెయ్యగానే 24లో మొదలవ్వాలని రూలు వచ్చింది కూడా అందుకే.

అంటే దొంగని నేను, శిక్ష నాన్నకి. ఆఫీసులో ప్రోగ్రాం నెమ్మదిగా నడుస్తుంటే ముందు ఎక్కడ టైము పోతోందో కొలుస్తాం, తర్వాతే కోడ్ ముట్టుకుంటాం. ఇంటికొచ్చేసరికి ఆ బుద్ధి ఏమైపోతుందో! కంటికి కనిపించేవి, చప్పుడు చేసేవి కట్టేసి పొదుపు చేశామనుకుంటాం.

అలాగని నాన్నది పూర్తిగా చాదస్తమూ కాదు. "రెండొందలు దాటనివ్వకురా" అనేవారు ఎప్పుడూ. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన రేట్లతో లెక్కేసి చూశాను. 200 యూనిట్లకి 820 రూపాయలు. 201 అయితే? మొత్తం పై శ్లాబులోకి వెళ్ళి, మొదటి 200 యూనిట్లకే 1020 అయి, బిల్లు 1027 రూపాయల 70 పైసలు. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయలు! ఆ గీతకి అటూఇటూ ఉన్న నెలల్లో అర యూనిట్ కూడా లెక్కలోకొస్తుంది. నాన్నకి గీత ఎక్కడుందో తెలుసు, నాకు లీకు ఎక్కడుందో తెలిసింది. ఇద్దరం అరుచుకోకుండా కూర్చుని మాట్లాడుకుంటే సరిపోయేది.

"జీతం అంత వస్తుంటే రెండు వేల బిల్లుకి ఈ గోలేంటి బాసూ" అంటారని తెలుసు. నేనూ అలాగే అనేవాణ్ణి. కానీ ఇంట్లో మనం ఒకసారి విసుక్కుంటే, దాని భారం అడగలేనివాళ్ళ మీద పడుతుంది. పెద్దవాళ్ళు ఫ్యాను కట్టేస్తారు, పనమ్మాయి చీకట్లో గిన్నెలు తోముతుంది. లీకు మాత్రం అలాగే ఉంటుంది. పొదుపంటే ఎవరూ ఇబ్బంది పడకుండా మిగిలేది అయ్యుండాలి, మనిషిని ఉక్కబోతలో కూర్చోబెట్టి మిగిల్చేది కాదు.

తర్వాత నేను చేసింది పెద్దగా ఏమీ లేదు. టీవీకీ మానిటరుకీ స్విచ్చున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టాను. గీజరు స్నానానికి పావుగంట ముందు మాత్రమే. ఏసీ 25, పైన ఫ్యాను. హాల్లో ఫ్యాను తీసేసి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెట్టమని ఓనరుని అడిగితే "బిల్లు కట్టేది మీరేగా" అని నవ్వాడు. అద్దె ఇళ్ళతో వచ్చిన చిక్కే ఇది, కొనేవాడు వేరు, బిల్లు కట్టేవాడు వేరు. నేనే మూడు వేలు పెట్టి కొన్నాను, ఖాళీ చేసేటప్పుడు విప్పుకెళ్తాను. జూలై బిల్లు 188 యూనిట్లు, 762 రూపాయలు. వానలు పడి ఏసీ అవసరం తగ్గింది కాబట్టి ఇందులో సగం పుణ్యం వరుణుడిదే లెండి.

నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. "ఈసారి వచ్చినప్పుడు పగలంతా ఫ్యాను వేసుకున్నా పెద్ద ఖర్చేమీ కాదు నాన్నా" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "అయితే వేసుకుంటాలే" అన్నారు.

మీరూ ఓ ఆదివారం మీటరు దగ్గర నిలబడి చూడండి. ఎవరిమీదైనా విసుక్కోవాలనిపిస్తే, ఆ లెక్క పూర్తయ్యాక విసుక్కోండి. చాలామటుకు అద్దంలోనే చూసుకోవాల్సొస్తుంది.