‘అర్థం కాలేదు సార్’ అనడం ఏ వీడియో నేర్పుతుంది?

మొన్న జూన్‌లో మా షెడ్డుకి ఇండస్ట్రియల్ ట్రైనింగ్ కోసం ముగ్గురు డిప్లొమా పిల్లలు వచ్చారు. ఇద్దరు అబ్బాయిలు మెదక్ వైపు వాళ్లు, అమ్మాయిది కామారెడ్డి. బాలానగర్‌లో మాది చిన్న వర్క్‌షాపు. లేతులు, రెండు మిల్లింగు మెషిన్లు, రెండు సీఎన్‌సీలు, ఒక గ్రైండరు. సూపర్‌వైజర్‌ని కాబట్టి కొత్తగా వచ్చినవాళ్లను ముందుగా పలకరించేది నేనే.

మీ గురించి చెప్పండి అన్నాను. మొదటి అబ్బాయి ఇంగ్లిషులో తడుముకోకుండా చెప్పాడు. కష్టపడి పనిచేస్తాడట, నలుగురితో కలిసిపోతాడట, కొత్త విషయం త్వరగా పట్టుకుంటాడట. రెండో అబ్బాయి నోట కూడా అవే మాటలు, అదే వరుసలో వచ్చాయి. అడిగితే, కాలేజీ సెమినార్ హాల్లో తెర మీద ఇంటర్వ్యూ వీడియో వేశారనీ, దాన్ని రాసుకుని బట్టీ పట్టామనీ దాచకుండా చెప్పారు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పినప్పుడు మాటల్లో తెలిసింది, ఆ రెండో అబ్బాయి వాళ్ల నాన్న బోరు మోటార్లు బాగుచేసే మెకానిక్ అని. తొమ్మిదో తరగతి నుంచి సెలవుల్లో ఆయన వెంట తిరిగి, కాలిపోయిన మోటారుకి వైండింగ్ చుట్టడం, బేరింగ్ మార్చడం నేర్చుకున్నాడట. ఇంత పని తెలిసిన పిల్లవాడు పొద్దున ఆ సంగతి ఎందుకు చెప్పలేదు? వీడియోలో ఆ మాటకి చోటు లేదు కాబట్టి. నాకు చాలా కష్టమనిపించింది.

అదే రోజు సాయంత్రం చేతికి వెర్నియర్ ఇచ్చాను. లీస్ట్ కౌంట్ 0.02 మి.మీ. అని వెంటనే చెప్పారు, సూత్రం కూడా చెప్పారు. కానీ కొలిచే ముందు రెండు దవడలూ మూసి సున్నా సున్నా మీద కూర్చుందో లేదో ముగ్గురిలో ఒక్కరూ చూడలేదు. ఆ వెర్నియర్ పాతది, 0.04 ఎక్కువ చూపిస్తుంది. చూస్తారా లేదా అని కావాలనే ఇచ్చాను. జీరో ఎర్రర్ గురించి వీడియోలో చూశామన్నారు. చూసిన మాట నిజమే. చేతితో చేయలేదు, అంతే.

నేను వీడియోలకు వ్యతిరేకిని కాను. 2020 లాక్‌డౌన్‌లో షెడ్డు మూతపడినప్పుడు, యాభై దగ్గరపడ్డ వయసులో సీఎన్‌సీ ప్రోగ్రామింగ్‌లో నాకు రాని భాగాలు ఫోన్లో చూసే నేర్చుకున్నాను. 2003లో ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్ పాఠాలు, 2017లో వచ్చిన స్వయం, మన టీవీ నుంచి టీ-శాట్‌గా మారాక విద్య, నిపుణ ఛానళ్లు... ఊళ్లో ఉన్న పేద పిల్లవాడికి ఇవన్నీ చేసిన మేలు తక్కువది కాదు. వీటిలో నాకు ఎక్కువ నచ్చింది ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్. పాఠం పది నిమిషాలుంటుంది, తెలుగులో కూడా దొరుకుతుంది. ఒక మెట్టు చూపించాక వీడియో ఆపి నువ్వు చేయి అంటుంది. చేసి, తప్పితే వెనక్కి వెళ్లి మళ్లీ చూడాలి. కంప్యూటర్ పాఠాలకు పెట్టిన ఆ పద్ధతి, పని నేర్పే వీడియోలన్నిటికీ ఎందుకు పెట్టలేదో నాకు అర్థం కాదు. సెమినార్ హాల్లో రెండొందల మందికి ఒకేసారి వేసి, హాజరు తీసుకుని పంపించేస్తే అది సినిమా చూపించినట్టే.

ఉద్యోగానికి సిద్ధం చేసే వీడియోలంటూ ఇప్పుడు కనిపించేవాటిలో చాలామటుకు గేటు దాటడం వరకే నేర్పుతున్నాయి. ఎలా కూర్చోవాలి, టై ఎలా కట్టాలి, రెజ్యూమె ఎలా రాయాలి. గేటు దాటాక మొదటి వారం ఏం చేయాలో చెప్పేవి నాకు దొరకలేదు. పిల్లలు దెబ్బతినేది ఆ వారంలోనే.

నేనూ తిన్నాను. 1991లో చేరిన కొత్తలో మా మేస్త్రీ డ్రాయింగ్ చేతికిచ్చి, నలభై పిన్నులు పాతిక మి.మీ. డయాకి తీయమని, గ్రైండింగ్‌కి మూడు పాయింట్లు వదలమని చెప్పాడు. ‘సమజైందా?’ అన్నాడు. అర్థమైంది సార్ అన్నాను. మూడు పాయింట్లంటే 0.3 మి.మీ. అని నాకు తెలియదు. అడిగితే ఇది కూడా తెలియదా అంటారేమోనని భయం. నలభై పిన్నులూ నికరంగా పాతిక్కి తెగ్గొట్టేశాను. గ్రైండర్‌కి తీయడానికి ఏమీ మిగల్లేదు, అన్నీ తుక్కులోకి పోయాయి. మేస్త్రీ తిట్టలేదు. ‘సమజ్ కాలే అంటే అర నిమిషం పోతుండె, ఇప్పుడు రెండు రోజులు పోయినయ్’ అన్నాడు. ముప్పై ఏళ్లు దాటినా ఆ గొంతు నాకు వినబడుతూనే ఉంది.

మన పిల్లలకు అన్నిటికన్నా కష్టమైన మాట అదే: అర్థం కాలేదు సార్. ఇంట్లో నాన్నతో, బళ్లో మాస్టారుతో తలూపడమే మర్యాద అని పెంచాం. అదే తలూపు మెషిన్ దగ్గర ప్రమాదం. కాబట్టి నన్నడిగితే మొదటి వీడియో దీనిమీదే తీయాలి. సూపర్‌వైజర్ పని చెబుతాడు, కుర్రాడు ఆ పనిని తన మాటల్లో తిరిగి చెబుతాడు. ఎక్కడ తప్పు చెప్పాడో అక్కడ సూపర్‌వైజర్ సరిదిద్దుతాడు. మూడు నిమిషాలు చాలు. మా షెడ్డులో ఇప్పుడు కొత్తవాళ్లందరితో ఇలాగే చెప్పించుకుంటున్నాను.

రెండోది షిఫ్టు అప్పగింత. రెండేళ్ల క్రితం మా దగ్గర రాత్రి షిఫ్టు అబ్బాయి టూల్ మార్చాడు, ఆఫ్‌సెట్ సరిచేయకుండానే టైమైందని వెళ్లిపోయాడు. పుస్తకంలో రాయలేదు, వచ్చినవాడికి చెప్పలేదు. పొద్దున అతను సైకిల్ స్టార్ట్ నొక్కగానే టూల్ వెళ్లి చక్‌కి కొట్టుకుంది. మెషిన్ తలుపు వేసి ఉంది కాబట్టి మనిషికి ఏమీ కాలేదు. ఏ పని ఎక్కడ ఆగింది, ఏది మార్చాను, దేనిమీద అనుమానం ఉంది అని పోయేవాడు వచ్చేవాడికి చెప్పడం నర్సుకీ కావాలి, హోటల్ కౌంటర్ దగ్గర కూర్చునేవాడికీ కావాలి. ఇది ఏ సిలబస్‌లో ఉంది?

భద్రత మాట చెప్పాలంటే ఒళ్లు మండుతుంది. డ్రిల్లింగ్ మెషిన్ మీద చేతికి గ్లవ్స్ వేసుకుని పనిచేస్తున్న కుర్రాణ్ణి చూపించే వీడియో ఒకటి మా పిల్లలే నాకు చూపించారు. తిరిగే డ్రిల్ ముందు గ్లవ్స్ వేసుకోకూడదు. దారం చిక్కితే చెయ్యి లోపలికి పోతుంది. చక్ కీ చక్‌కే వదిలేసి లేత్ ఆన్ చేయకూడదు. ఇవి తెలియనివాళ్లు పాఠం తీస్తే, అది చూసిన పిల్లవాడి వేళ్లకి ఎవరు జవాబు చెబుతారు? షాపు ఫ్లోర్ మీద పనిచేసిన మనిషి చూడకుండా ఏ కాలేజీ కూడా అలాంటి వీడియో పిల్లలకు వేయకూడదు.

ఇంకొకటి జీతం చీటీ. చేతికి తక్కువ వచ్చిందని మొదటి నెలలోనే మానేసిన అబ్బాయిల్ని చూశాను. పీఎఫ్ కింద పన్నెండు శాతం కట్ అవుతుందనీ, యజమాని కూడా తన వాటా కడతాడనీ, యూఏఎన్ నంబరు కంపెనీ మారినా అదేననీ, ఈఎస్ఐ కోత 0.75 శాతమే అయినా ఇంటిల్లిపాదికీ వైద్యం దానిమీద దొరుకుతుందనీ వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఉద్యోగం ఇస్తామని ముందే డిపాజిట్ అడిగేవాణ్ణి నమ్మొద్దని కూడా ఎవరూ చెప్పలేదు.

కామారెడ్డి అమ్మాయి తన ఇద్దరు తోటివాళ్లు అడగనివి అడిగింది. ఆడవాళ్లకు బాత్రూం ఎక్కడుంది, రెండో షిఫ్టు అయ్యాక బస్సు దొరుకుతుందా, లేత్ మీద నిలబడనిస్తారా లేక లెక్కలు రాయమంటారా. తను చూసిన వీడియోల్లో మెషిన్ దగ్గర ఆడపిల్ల ఒక్కతీ లేదంది. ఇప్పుడు మా రెండో సీఎన్‌సీ మీద సెట్టింగ్ తనే చేస్తోంది. ఆ వీడియో తీయాల్సింది తన మీద.

రెండు రాష్ట్రాల్లోని నైపుణ్య సంస్థలకు, పాలిటెక్నిక్, ఐటీఐ ప్రిన్సిపాళ్లకు నా విన్నపం. స్టూడియో అక్కర్లేదు, సూట్లు వేసుకున్న యాంకర్లు అక్కర్లేదు. ఒక ఫోను పట్టుకుని జీడిమెట్లకో, ఆటోనగర్‌కో, గాజువాకకో రండి. మేస్త్రీల చేత తెలుగులో చెప్పించండి. మేం చేసిన తప్పులు కూడా తీయండి, నా నలభై పిన్నుల కథ నేనే కెమెరా ముందు చెబుతాను. తీసినవి తరగతిలో ఐదు నిమిషాలు వేసి, ఆపి, మిగతా పీరియడ్ పిల్లల చేత చేయించండి. మా షెడ్డు పొద్దున ఆరింటికి తెరుస్తాం. ఆదివారం మెషిన్లు ఆగి ఉంటాయి, ఆ రోజు వస్తే ఇంకా తీరిగ్గా తీసుకోవచ్చు.