వేరునకు నీరు

టీకా యనగానే మనకు మశూచికము జ్ఞాపకము వచ్చును. రోగము రాకమునుపే దానికి అడ్డుకట్ట వేయుట టీకా పని యని మన మెరుగుదుము. కాని రోగము వచ్చిన పిమ్మట, అది మరల తలయెత్తకుండుటకై వేయు టీకా నొకదానిని శాస్త్రజ్ఞులు ఇటీవల రూపొందించిరి. చర్మమునకు వచ్చు కాన్సరులలో మిక్కిలి ప్రమాదకరమైన మెలనోమా కొరకు అది ఉద్దేశింపబడినది.

చర్మమునకు రంగునిచ్చు కణములు అదుపు తప్పి పెరుగుటయే మెలనోమా. ఎండలోని అతినీలలోహిత కిరణములు ఆ కణముల జన్యువులను చెడగొట్టుట దీనికొక ముఖ్యకారణము. వైద్యులు శస్త్రచికిత్స చేసి కంతిని తొలగింతురు. ఐనను కంటికి కానరాని కణములు కొన్ని మిగిలి, కొంతకాలమునకు రోగము తిరుగబెట్టుట గలదు. వానిని వెదకి చంపవలసినది మన శరీరమందలి రోగనిరోధకశక్తి. కాని కాన్సరుకణములు పరాయివి కావు. మన కణములే దారి తప్పినవి. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడను సామెత యిచట చక్కగా అన్వయించును.

ఆ దొంగ గుర్తులను తెలుపుటయే ఈ టీకా పని. కంతిలోని జన్యువులను రోగియొక్క మంచి కణముల జన్యువులతో పోల్చి చూచి, మారిన గుర్తులలో 34 వరకు ఎన్నుకొందురు. వానిని తయారుచేయు విధమును వార్తాహర ఆర్.ఎన్.ఏ. అను అణువునందు లిఖించి, సూక్ష్మమైన క్రొవ్వుబిందువులలో నుంచి, సూదిమందుగా నిత్తురు. శరీరకణములు ఆ వార్తను చదివి ఆ గుర్తులను తయారుచేయును. రక్షకకణములు వానిని చూచి శత్రువును గుర్తించుట నేర్చుకొనును. ఆ వార్త కొలదికాలములోనే నశించును. మన జన్యువులను మార్చదు. ఒకరి కంతివలె మరియొకరి కంతి యుండదు గనుక, ఏ రోగి టీకా ఆ రోగిదే.

మోడెర్నా, మెర్క్ సంస్థలు 157 మంది రోగులతో జరిపిన పరీక్ష ఫలితములు 2024లో లాన్సెట్ పత్రికయందు వెలువడినవి. పెంబ్రోలిజుమాబ్ అను మందు మాత్రమే పుచ్చుకొన్న 50 మందిలో 20 మందికి రోగము తిరుగబెట్టుటయో, మరణము సంభవించుటయో జరిగెను. ఆ మందుతోపాటు టీకాను గూడ పొందిన 107 మందిలో అట్టివారు 24 మంది.

“ఇది కొద్దిమందిపై జరిగిన పరీక్ష. పైగా ఒక్కొక్కరికి ఒక్కొక్క మందు చేయుట యనగా ఎంత వ్యయము! ఇది పేదలకు దక్కునా?” అని కొందరు ప్రశ్నింతురు. ప్రశ్న న్యాయమైనదే. 157 మంది సాక్ష్యముతో రోగము జయింపబడినదని చాటుట తగదు. అందుచేతనే వేయిమందికి పైగా రోగులను చేర్చుకొను ఉద్దేశముతో 2023లో పెద్ద పరీక్ష ప్రారంభింపబడినది. సందేహము తీరవలెనన్నను, వ్యయము తగ్గవలెనన్నను పరిశోధన సాగవలసినదే. ఆపినచో రెండును జరుగవు.

ఈ విద్య ఒక్కనాడు పుట్టినది కాదు. హంగేరీ దేశమున 1955లో జన్మించిన కాటలిన్ కారికో 1985లో అమెరికాకు వెళ్లి, ఈ అణువును మందుగా మార్చవచ్చునని నమ్మి ఏండ్ల తరబడి శ్రమించెను. ధనసహాయము కొరకు ఆమె పెట్టుకొన్న అర్జీలు పదేపదే త్రోసిపుచ్చబడినవి. 1995లో ఆమె పదవిని గూడ తగ్గించిరి. ఆమె పని విడువలేదు. ఆ అణువులోని ఒక భాగమును కొంచెము మార్చినచో శరీరము దానిపై తిరుగబడదని ఆమెయు, డ్రూ వైస్‌మాన్ అను శాస్త్రజ్ఞుడును 2005లో ప్రకటించిరి. 2020లో కోవిడ్ టీకాలు శీఘ్రముగా సిద్ధమగుటకు ఇది పునాది యయ్యెను. 2023లో వారిరువురకు నోబెల్ బహుమానము లభించెను.

ఇట్టి విద్యకు 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వము ధనసహాయమును తగ్గించి, దాదాపు 50 కోట్ల డాలర్ల విలువగల 22 పథకములను ముగింపదలచితినని ప్రకటించెను. అవి శ్వాసకోశవ్యాధులకు సంబంధించినవే గాని కాన్సరుకు సంబంధించినవి కావన్నమాట నిజమే. కాని అంటువ్యాధి టీకాయు, కాన్సరు టీకాయు ఒకే చెట్టు కొమ్మలు. ఒక కొమ్మ కొరకు పోసిన నీరు రెండవదానికి గూడ చేరినది. కావున ఆ నిర్ణయము దూరదృష్టి గలది కాదని నా అభిప్రాయము.

విద్యార్థులారా! ఏ క్రొత్త విషయమును గూర్చి విన్నను “ఇది నేడు దేనికి పనికివచ్చును?” అని మాత్రమే అడిగి విడువకుడు. 1995లో కారికోను ఆ ప్రశ్న యడిగినవారికి ఆమె చూపగల ఫలమేదియు లేకుండెను. పండు కనబడిన పిమ్మట చెట్టును మెచ్చుకొనుట యెల్లరకు తెలియును. పండు కానరానప్పుడు వేరునకు నీరు పోయువారే రేపటి రోగికి నిజమైన ఆప్తులు.