పసుల కంపౌండర్‌కు కుక్కల వైద్యం నేర్పేది ఎవరు?

2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు చెప్పింది మీ అందరి ఫోన్లల్ల తిరిగింది. వీధి కుక్కలను పట్టాలె, పిల్లలు పుట్టకుండ ఆపరేషన్ చెయ్యాలె, నట్టల మందు తాపాలె, రేబిస్ టీకా ఎయ్యాలె, ఏ గల్లీల పట్టిన్రో ఆ గల్లీలనే ఇడిసిపెట్టాలె. రేబిస్ సోకినదాన్ని, మీద పడి కరిసేదాన్ని మాత్రం ఇడువొద్దు. నవంబర్ 7న ఇంకో ఆర్డరు వచ్చింది. బడులు, దవాఖానలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, ఆటల మైదానాల కాడ ఉన్న కుక్కలను తీసి షెల్టర్లల్ల పెట్టాలె, మళ్ల ఆడికి తేవొద్దు అని.

ఇగ టీవీలల్ల లొల్లి షురువైంది. కుక్కలను ప్రేమించేటోళ్లు ఒక దిక్కు, కుక్క కరిసి గోస పడ్డోళ్లు ఒక దిక్కు. రెండు దిక్కులా న్యాయం ఉన్నది, నేను కాదంట లేను. 2023 ఫిబ్రవరిల హైదరాబాద్ అంబర్‌పేటల నాలుగేండ్ల పిలగాణ్ని కుక్కలు పీక్కతిన్న వీడియో చూసినోళ్లకు నిద్ర పట్టలే. గని ఇద్దరూ అడగని ముచ్చట ఒకటున్నది. పట్టాలె, కొయ్యాలె, కుట్లెయ్యాలె, టీకాలెయ్యాలె... ఎవరు? డాక్టరు సారు కత్తి పడతడు, సరే. కుక్కను పట్టుకునేది, తూకమేసేది, బొచ్చు గీకేది, సెలైన్ పెట్టేది, మత్తు దిగేదాంక పక్కన కూసునేది ఎవరు?

ఊర్లె ఆయనను కంపౌండర్ అంటం. సర్కారు కాయితాలల్ల లైవ్‌స్టాక్ అసిస్టెంట్ అనో, వెటర్నరీ అసిస్టెంట్ అనో ఉంటది. ఆంధ్ర దిక్కు సచివాలయంల పశుసంవర్ధక సహాయకుడు. 1962కు ఫోన్ కొడితే వచ్చే బండిల డాక్టరు పక్కన పారావెట్. వీళ్లు కాక గోపాలమిత్రలు, వాళ్ల అసలు పని ఆవులకు, బర్లకు కృత్రిమ గర్భధారణ చేసుడు. బ్రిటన్ల ఇట్లాంటి పని చేసేటోళ్లను వెటర్నరీ నర్స్ అంటరు. మన దగ్గర పని ఉన్నది, పేరు లేదు.

పేరు లేదన్నది ఊరికె అన్న మాట కాదు. 1984ల వచ్చిన ఇండియన్ వెటర్నరీ కౌన్సిల్ చట్టం తీసి సదవండి. రిజిస్టర్ల పేరు ఎక్కేది డాక్టర్లకే. మిగతోళ్ల గురించి 30వ సెక్షన్ల ఒక చిన్న మినహాయింపు ఉన్నది. వెటర్నరీ సూపర్‌వైజర్, స్టాక్‌మన్, స్టాక్ అసిస్టెంట్ డిప్లొమానో సర్టిఫికెటో ఉన్నోళ్లకు రాష్ట్ర సర్కారు పర్మిషన్ ఇస్తే, డాక్టరు అజమాయిషీల "చిన్న సేవలు" చెయ్యొచ్చు. చిన్న సేవలంటే ఏంది? టీకాలు, ఇత్తులు కొట్టుడు, పుండ్లకు కట్లు కట్టుడు, సర్కారు ఇంకేమన్న చెప్తే అవి. అప్పుడు ఆ చట్టం రాసినోళ్ల కండ్ల ముందట ఉన్నది ఎద్దు, బర్రె, గొర్రె. కుక్కకు మత్తిచ్చి కడుపు కోసి గర్భసంచి తీసే పనిల పక్కన నిలబడే మనిషి వాళ్ల ఊహల ఉన్నట్టు నాకైతే కనవడదు. నలభై ఏండ్లు దాటింది. కుక్కల పని మన మండలాలదాంక వచ్చింది, ఆ సెక్షన్ మాత్రం ఆడనే ఉన్నది.

చదువు సంగతి చూద్దాం. పదో తరగతి అయినంక రెండేండ్ల పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమా ఉంటది. మన పల్లె పోరగాళ్లు, పోరీలు మస్తుమంది అండ్ల చేరుతరు. పాడి, గొర్లు, కోళ్లు, దాణా, ఈనుడు, చూడి కట్టుడు, చదువు బరువంతా అటే. తప్పులేదు, ఊరి బతుకు వాటి మీదనే ఉన్నది. అయితే రెండేండ్లల్ల నేర్చింది ముప్పై ఏండ్ల నౌకరీకి సరిపోతదా? నేను మాట్లాడిన పాత కంపౌండర్లు ట్రైనింగ్ అంటే చెప్పేది ఒక్కటే: ఏదన్న కొత్త పథకం వస్తే మీటింగు పెట్టిన్రు, టార్గెట్లు చదివిన్రు, బిర్యాని పొట్లాం ఇచ్చి పంపిన్రు. కుక్క మీద చెయ్యి పెట్టి నేర్పింది లేదు.

కుక్క అంటే చిన్న బర్రె అనుకుంటే ప్రాణాలే పోతయి. ఒక లెక్క చెప్త. గొడ్లకు, గొర్లకు ఏసే ఐవర్‌మెక్టిన్ సూదిమందు మీరు చూసే ఉంటరు. మామూలు సీసాల ఒక మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల మందు ఉంటది. 50 కిలోల బరువుకు ఒక మిల్లీలీటరు లెక్క. 300 కిలోల ఆవుకు 6 మిల్లీలీటర్లు, ఒక చుక్క అటో ఇటో అయినా ఆవు తట్టుకుంటది. అదే లెక్కన 2 కిలోల కుక్కపిల్లకు ఎంత? 0.04 మిల్లీలీటరు. మన 5 మిల్లీలీటర్ల సిరంజి మీద అసొంటి గీతే ఉండదు. కండ్లతోని అందాజ కొట్టి గుచ్చితే ఐదింతలు, పదింతలు లోపటికి పోతది. ఇగ కోలీ అసొంటి గొర్లు కాసే సీమ జాతులల్ల కొన్ని కుక్కలకు ఈ మందు మెదడుకెక్కుతది. తూలుతయి, కండ్లు కనవడక కోమాల పోతయి. ఇప్పుడు పట్నం నుంచి సీమ కుక్కలు ఊర్లకు కూడా వస్తున్నయి గద.

మత్తుమందుది ఇంకో కథ. జైలజీన్ ఆవుకు చాన కొంచెం చాలు, కిలో లెక్కన చూస్తే కుక్కకు దానికంటె ఎన్నో రెట్లు పడతది. మందు ఎక్కంగనే కుక్క కక్కుతది, అందుకే ముందుగాల పస్తు పెట్టాలె. ఆవు లెక్క తలకాయల పెట్టుకున్నోనికి ఇది ఎవరన్న చెప్తేనే తెలుస్తది. పిల్లి సంగతైతే ఇంకా నాజూకు. మనం జరమొస్తే ఏసుకునే పారాసిటమాల్ గోలి ఒక్కటి చాలు, పిల్లి పానం తీయనీకి. "పిల్లికి ఒళ్లు కాలుతున్నది, సగం గోలి ఇయ్యి" అని ఎవరన్న సలహా ఇస్తే ఆపేటోడు ఊర్లె ఒక్కడన్న ఉండాలె గద.

ఆపరేషన్ కాడ డాక్టరు చూపంతా కోతల ఉంటది. కుక్క ఊపిరి ఎట్లున్నది, చిగురు రంగు గులాబీగ ఉన్నదా తెల్లవడ్డదా, నాలుక ఎనుకకు పోయిందా, ఒళ్లు సల్లవడుతున్నదా చూసేది పక్కనున్న మనిషి. చిగురు తెల్లవడ్డదంటే లోపల కట్టిన నరం జారి రక్తం కారుతున్నట్టు ఉండొచ్చు. ఆ ఒక్క నిమిషంల చెప్తే కుక్క బతుకుతది, సోయి లేకపోతే పోతది. ఆపరేషన్ అయినంక కుక్కను బండల మీద పండబెట్టి పోతరు కొన్ని కాడ, మత్తుల ఉన్న పానికి సొంతంగ వేడి పుట్టదని తెల్వక. కింద ఒక గోనెసంచి, మీద ఒక గుడ్డ, పక్కకు ఒరిగిచ్చి మెడ సాపు చేసి పండబెట్టుడు, గింతే. పైసల ఖర్చు లేదు. నేర్పేటోడు లేక పానాలు పోతున్నయి. కత్తెర్లు, గుడ్డలు సక్కగ ఉడకబెట్టక చీము పట్టి, కుట్లు ఊడి పేగులు బయటికొచ్చిన కుక్క ఊర్లెకు తిరిగొస్తే జనం ఏమంటరు? "ఈ ఆపరేషన్లు పనికిరావు" అంటరు. ఆ తర్వాత విషం పెట్టుదాం అనే మాట వస్తది. ఆ మాట నేను గ్రామసభల చెవులార విన్న.

ఇగ ఆ మనిషి పానం. కరిసిన కుక్కను పది రోజులు చూడాలంటం, ఎందుకు? రేబిస్ లక్షణాలు బయటపడకముందే కొన్ని రోజుల నుంచి దాని సొల్లుల వైరస్ ఉంటది. అంటే ఉషారుగ తోక ఊపే కుక్క పన్ను గీసుకున్నా ప్రమాదమే. ఒక్కసారి లక్షణాలు వస్తే మనిషి బతుకుడు దాదాపు లేదు. అందుకే రోజూ కుక్కలను పట్టేటోళ్లు కరువక ముందే టీకా ఏసుకోవాలె: మొదటి రోజు, ఏడో రోజు, 21 లేకపోతే 28వ రోజు. కరిసినంక కూడా టీకా ఉంటది, గని ముందస్తు డోసులు పడ్డోనికి ఆ తర్వాత రెండు డోసులు చాలు, సీరం అక్కరలేదు. మారుమూల దవాఖానలల్ల సీరం దొరుకుడు ఎంత కష్టమో మీకు తెల్వంది కాదు. బర్రెకు కూడా రేబిస్ వస్తది, యాది పెట్టుకోండి. సొల్లు కారుస్తది, మింగలేదు. గొంతుల ఏందో అడ్డం పడ్డదని కంపౌండర్ నోట్లె చెయ్యి పెడతడు. సర్కారు లెక్కల 2024ల దేశం మొత్తంల 37 లక్షల మీద కుక్కకాట్లు, రేబిస్ అనుమానంతోని 54 సావులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ఏటా 18 వేల నుంచి 20 వేల సావులు. ఈ రెండు లెక్కల నడుమ ఎన్ని పల్లెలు ఉన్నయో మీరే ఆలోచన చెయ్యండి.

అయ్యే పని కాదు అనేటోళ్లకు గోవాను చూపెడత. ఆడ 2013 నుంచి కుక్కల టీకాల పని పట్టుకున్నరు. చేతి వలలతోని కుక్కను పట్టే జట్లు, ఏ గల్లీల ఎన్ని కుక్కలకు పడ్డదో ఫోన్ల ఎక్కిచ్చుడు, బడి పిల్లలకు పాఠాలు, అనుమానం ఉన్న కుక్క కోసం ఫోన్ నంబరు. నూటికి 70 కుక్కలకు టీకా పడితే రేబిస్ తిరుగుడు ఆగుతదన్నది లెక్క. 2018 నుంచి మనిషి సావు లేకపోయేసరికి 2021ల ఆ సర్కారు గోవాను రేబిస్ అదుపుల ఉన్న ప్రాంతం అని ప్రకటించింది. ఆ పని చేసిన చేతులల్ల డాక్టర్లయి కొన్నే. మిగతాయి నేర్పితే నేర్చుకున్న మామూలు మనుషులయి. గోవా చిన్న రాష్ట్రం, నిజమే. మన జిల్లాలు కూడా చిన్నగ చేసిన్రు గద, ఒక్క జిల్లాల మొదలు పెట్టొచ్చు.

బ్రిటన్ల వెటర్నరీ నర్స్ పేరు రిజిస్టర్ల ఉండాలంటే ఏటా 15 గంటలు కొత్తది నేర్చుకోవాలె. డాక్టరుకు 35 గంటలు. కూసుండి సంతకం పెడితే సాలదు, నేర్చింది పనిల ఎట్ల అక్కరకొచ్చిందో రాసుకోవాలె. నర్సు ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యొద్దు అనేది 1966 చట్టం షెడ్యూల్‌ల ఉన్నది. ఆడ అంతా స్వర్గం అని చెప్పుడు నా ఉద్దేశం కాదు, "వెటర్నరీ నర్స్" అన్న పేరుకు చట్టం కాపుదల కావాలని వాళ్లు ఇంకా కొట్లాడుతనే ఉన్నరు. మనమైతే కొట్లాట షురువే చెయ్యలే.

ఈ ముచ్చట మీకెందుకు చెప్తున్న అంటే, ఇది మీ నౌకరీ ముచ్చట. హైదరాబాద్‌ల ఏ బస్తీ తిరిగినా పెట్ క్లినిక్ బోర్డులే. లోపలికి పోయి చూడండి, కుక్కను పట్టుకున్న పోరడు మన నల్లగొండోడో, పాలమూరోడో అయి ఉంటడు. జనగామ దిక్కు తమ్ముడొకడు నాకు తెలుసు. ఒక క్లినిక్‌ల ఆరేండ్లు చేసిండు. ముందటి కాలు నరంల సెలైన్ సూది ఒక్క దెబ్బకు పెడతడు, పార్వో వచ్చి కక్కుకుంట రక్తం పారే కుక్కపిల్లలకు రాత్రంతా కాపలా ఉన్నడు. కుక్క కరిస్తే టీకా కోసం సొంత సెలవు పెట్టుకొని సర్కారు దవాఖాన లైన్ల నిలవడ్డడు. పని ఇడిసి ఇంకో కాడికి పోతే అడిగింది ఏంది? "సర్టిఫికెట్ ఉన్నదా?" లేదు. మళ్ల మొదటి జీతం కాడికి వచ్చిండు. చేతిల విద్య ఉన్నది, కాయితం లేదు. డిప్లొమా చేసి ఊర్లె ఖాళీగ ఉన్నోళ్లకు కాయితం ఉన్నది, కుక్క మీద చెయ్యి తిరగలే. వీళ్లిద్దరినీ ఒక్క కాడికి తెచ్చే పని సర్కారుదే.

తావు లేదు అనరాదు. పీవీ నరసింహారావు వెటర్నరీ యూనివర్సిటీకి రాజేంద్రనగర్ల, కోరుట్లల, మామునూరుల కాలేజీలున్నయి. రోజూ కుక్కలు, పిల్లులు ఆడికి వస్తనే ఉంటయి. ఒక్కో జట్టుకు ఇరవై మందిని పిలిచి రెండు వారాలు చేతుల మీద నేర్పితే ఏం పోతది? ఆ రెండు వారాల జీతం కొయ్యొద్దు, గోపాలమిత్రలకు, ప్రైవేటు క్లినిక్‌ల పోరగాళ్లకు రోజు కూలి కట్టియ్యాలె. లేకపోతే రాలేరు. మొదటి రోజే ముందస్తు టీకా ఎయ్యాలె. ప్రతి ఏడు మళ్ల కొన్ని రోజులు, పేరు రాసే ఒక రిజిస్టర్, జీతంల ఆ లెక్క కనవడాలె. డాక్టర్ల సంఘాలల్ల కొందరికి భయమున్నది, కంపౌండర్‌కు నేర్పితే రేపు డాక్టర్ అని బోర్డు పెడతడని. నేర్పకున్నా పెడుతున్నరు సార్. నేర్పితే కనీసం ఎక్కడ ఆగాలె, ఎప్పుడు మీకు ఫోన్ చెయ్యాలె అనేది తెలుస్తది.

మీ మండల పశువుల దవాఖానకు సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి, 30 రోజులల్ల జవాబు ఇయ్యాలె. మూడే ప్రశ్నలు. ఈ మండలంల కుక్కలను పట్టే, వాటికి సూదులేసే సిబ్బంది ఎంతమంది? అండ్ల ఎంతమందికి ముందస్తు రేబిస్ టీకా పడ్డది, ఏ తారీఖున? కుక్కల మీద వాళ్లకు ఆఖరుసారి ట్రైనింగ్ ఎన్నడు ఇచ్చిన్రు, ఎన్ని రోజులు? వచ్చిన జవాబు ఫోటో తీసి మాకు పంపండి, ఈ పేజీలనే ఏద్దాం.