ఈ సిగ్గును ఎవరి పద్దులో వ్రాయాలి?



స్టేషనులో పట్టాలను, యార్డులో బోగీల మరుగుదొడ్లను కడిగే మనిషిని మీ ఉద్యోగమేమిటని అడిగి చూడండి. "రైల్వేలో" అంటాడు. ఏ విభాగమని మరల అడిగితే మాట మారుస్తాడు. కూతురి సంబంధానికి వచ్చినవారికీ, ఇల్లు అద్దెకిచ్చే యజమానికీ, బిడ్డను బడిలో చేర్చుకొనే ఉపాధ్యాయునికీ ఇదే జవాబు. ఈ దాపరికాన్ని అతని పిరికితనంగా భావించేవారు ఉద్యోగులలో కొందరున్నారు. పని ఏదైనా పనే కదా, నామోషీ దేనికని వారు హితబోధ చేస్తారు. ఆ హితబోధకులలో ఎందరు అతని ప్రక్కన కూర్చుని క్యాంటీనులో టీ త్రాగారో కూడ సెలవిస్తే బాగుండును.

మా అభిప్రాయం స్పష్టం. ఈ సిగ్గు అతని మనసులో తనంత తానుగా మొలిచినది కాదు. దీనిని నాటినవారున్నారు, నీరుపోసినవారున్నారు, పంట కోసుకుంటున్నవారున్నారు. తన పని పేరు చెప్పుకోలేని మనిషి ఆ పనికి న్యాయమైన కూలి ఎట్లా అడుగుతాడు? సభ్యత్వ రసీదుపై హోదా వ్రాయించుకోవడానికే వెనుకాడేవాడు ధర్నాలో ముందు వరుసలో ఎట్లా నిలబడతాడు? లాఠీ లేకుండా, ఛార్జిషీటు లేకుండా, పైసా ఖర్చు లేకుండా కార్మికుని నోరు మూయించే సాధనం యాజమాన్యానికి ఇంతకంటె చౌకగా మరొకటి దొరకదు.

మన భాషనే చూడండి. "పాకీ" అన్న మాట పనికీ పేరే, తిట్టుకూ పేరే. కోస్తాలో రెల్లివారికీ, హైదరాబాదులో మెహతర్లకూ ఆ పనిని పుట్టుకతోనే అంటగట్టినది సమాజం. కోలారు బంగారు గనుల పట్టణంలో 1966లో తెలుగు కుటుంబంలో జన్మించిన బెజవాడ విల్సన్ ఉదంతం పాఠకులలో చాలామందికి తెలిసియుండును. 2016లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం లభించినది. చిన్ననాడు ఆయన తల్లిదండ్రులు తాము చేసే పని ఏమిటో కన్నబిడ్డకే చెప్పలేదు. బడిలో పిల్లలు మాత్రం ఆ పని పేరుతోనే ఆయనను వెక్కిరించారు. ఇంట్లో దాచినది వీధికి ముందే తెలుసు! దాచుకొమ్మని ఒకవైపు సిగ్గు తొందరపెడుతుంది, దాచుకొనే వీలు లేకుండా మరొకవైపు కులం నిలబెడుతుంది. ఈ రెంటి నడుమ పెరిగిన బిడ్డకు తానెవరన్న ఊహ ఎట్లా ఏర్పడుతుందో ఊహించుకోవచ్చును.

ఇక ప్రభుత్వాల సంగతి. వాటికీ సిగ్గున్నది, అయితే అది వేరొక జాతి సిగ్గు. 2003లో సఫాయి కర్మచారీ ఆందోళన్ సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేసినప్పుడు, తమ రాష్ట్రంలో పాకీ పనివారే లేరని పలు రాష్ట్రాలు ప్రమాణపత్రాలు దాఖలు చేసినవి. 2011 జనగణన మాత్రం 7.94 లక్షల ఇళ్ల మరుగుదొడ్లలో మలాన్ని మనుషులే ఎత్తుతున్నట్లు లెక్క తేల్చినది. 2021 జూలైలో పాకీ పని వలన మరణాలేవీ నమోదు కాలేదని పార్లమెంటులో సెలవిచ్చారు. మురుగుకాలువలలో ఊపిరాడక చనిపోయినవారిని "ప్రమాదకర శుభ్రత" అనే మరొక శీర్షిక క్రింద వ్రాసుకున్నారు. కార్మికుడు సిగ్గుపడితే తనను తాను దాచుకుంటాడు. ప్రభుత్వం సిగ్గుపడితే కార్మికుని దాచివేస్తుంది. ఎవరు సిగ్గుపడినా మాయమయ్యేది అతడే.

చట్టం చదివితే ఈ నేర్పు మరింత బోధపడుతుంది. పాకీ పనిని నిషేధించే మొదటి కేంద్రచట్టం 1993లో వచ్చినది. దానిని కోరిన ఆరు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అమలులోకి వచ్చేసరికి 1997 జనవరి 26. దాని తరువాతి 2013 చట్టం నిర్వచనంలో రైలుపట్టాలను పేరు పెట్టి చేర్చినది. సంతోషించవలసినదే. కాని ఆ నిర్వచనం క్రిందనే ఒక వివరణ కలదు: కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన పరికరాలతో, రక్షణ తొడుగులతో మలాన్ని శుభ్రం చేసేవాడు పాకీ కార్మికుడుగా పరిగణింపబడడు. రైలుపెట్టెలోని మరుగుదొడ్డికి కూడ ఇట్టి మినహాయింపే యిచ్చారు. చేతికి తొడుగు తగిలించగానే పని పేరు మారిపోయినది, మలం మాత్రం మారలేదు. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు పట్టాలపై ఈ పనిని అంతం చేయుటకు కాలపరిమితితో కూడిన ప్రణాళిక కావలెనని రైల్వేలకు చెప్పవలసివచ్చినది. తరువాతి సంవత్సరాలలో బోగీలకు బయో మరుగుదొడ్లు అమర్చారు. పట్టాలపై పడే మలం దానివలన చాలా తగ్గినది, కాదనము. అయితే 2017లో కాగ్ నివేదిక ఆ మరుగుదొడ్ల లోపాలను ఏకరువు పెట్టినది. సీసాలు, గుడ్డలు అడ్డుపడిన గొట్టం ముందు చివరకు నిలబడేది ఎవరో యార్డులో పనిచేసేవారికి మేము చెప్పనవసరం లేదు.

తపాలా సోదరులు ఇది రైల్వేల గొడవ అనుకోవద్దు. పోస్టాఫీసు ఊడ్చే పార్ట్‌టైము స్వీపరు జీతం ఏ పద్దు నుండి వచ్చేది? కంటింజెన్సీ పద్దు నుండి. ఫినాయిలు, చీపురు, కుండ కొన్న పద్దులోనే మనిషికీ కూలి వ్రాశారు! 1987లో సుప్రీంకోర్టు తపాలా తంతి శాఖ రోజుకూలీలకు కనీస వేతన స్కేలు ప్రకారం చెల్లించమని, వారిని శాఖలో చేర్చుకొనే పథకం తయారు చేయమని ఆదేశించేవరకు శాఖ కదలలేదు. గ్రామాలలో ఉత్తరాలు పంచేవారికి "ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్" అని పేరుపెట్టి దశాబ్దాలపాటు శాఖ బయట నిలబెట్టిన ఘనతా దీనిదే. వారిది సివిల్ పోస్టేనని 1977లోనే సుప్రీంకోర్టు అన్నది. "ఎక్స్‌ట్రా" అన్న ఆ ఒక్కమాటతో ఊరిలో ఎంత పలుచన అయ్యారో వారినడిగితే చెబుతారు.

కేంద్ర ప్రభుత్వ పరిధిలోని సంస్థల భవనాలలో ఊడ్చే, శుభ్రపరచే పనులకు కాంట్రాక్టు కార్మికులను పెట్టరాదని 1976 డిసెంబరు 9న ఒక ప్రకటన వెలువడినది. 2001 ఆగస్టు 30న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది. నేడు స్టేషన్ల శుభ్రత, నడిచే రైళ్లలో శుభ్రత ఎక్కువగా గుత్తేదారుల చేతిలో వున్నవి. గుత్తేదారుకు ఈ కార్మికుని సిగ్గు ఒక వరం. తక్కువ కూలి యిచ్చినా అతడు ఊరిలో చెప్పుకోడు, చెప్పుకుంటే పని బయటపడుతుంది.

దీనికి విరుగుడుగా కొందరు పెద్దలు పొగడ్తను ప్రయోగిస్తారు. 1936లో గాంధీజీ "హరిజన్" పత్రికలో ఆదర్శ భంగీని గురించి వ్రాశారు. పాకీ పనిని పవిత్రసేవగా కీర్తించి ఆ పనిలోనే వుండమనడాన్ని అంబేద్కర్ 1945లో తమ గ్రంథంలో తూర్పారబట్టారు. 2019 ఫిబ్రవరిలో ప్రయాగరాజ్ కుంభమేళాలో ప్రధానమంత్రి ఐదుగురు పారిశుద్ధ్య కార్మికుల కాళ్లు కడిగారు. చెంబెడు నీటితో తీరే గౌరవం పాలకులకు ఎప్పుడూ సులభమే. యంత్రానికీ, పర్మనెంటు ఉద్యోగానికీ బడ్జెట్టు కావాలి.

ఆ స్త్రీలు పొగడ్త కోసం ఎదురుచూడలేదు. సఫాయి కర్మచారీ ఆందోళన్ పిలుపుపై తాము నెత్తిన మోసిన గంపలను పలుచోట్ల నలుగురి ఎదుట తగులబెట్టారు. ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారి వారికి అండగా నిలిచారు. దాచుకున్నంతకాలం ఆ గంప వారి సిగ్గు. వీధిలో మండినప్పుడు ఊరంతా దానిని చూడవలసివచ్చినది, మునిసిపాలిటీ జవాబు చెప్పవలసివచ్చినది.

కనుక మన శాఖలు చేయవలసిన పని వున్నది. కాంట్రాక్టు శుభ్రతా కార్మికులను సభ్యులుగా చేర్చుకొని, రసీదుపై హోదాను ఉన్నదున్నట్లు వ్రాయాలి. విశ్రాంతి గదిలో, మంచినీటి కుండ దగ్గర, క్యాంటీనులో వారికి వేరు గ్లాసు, వేరు మూల వున్నచోట అది ఈ నెలలోనే పోవాలి. ఆ విషయంలో అభ్యంతరం చెప్పే సభ్యుని పేరు మినిట్సులో నమోదు చేయాలి. కూలి తగ్గించి యిచ్చే గుత్తేదారుపై ఫిర్యాదును కార్మికుని చేత ఒంటరిగా వ్రాయించక శాఖ తన లెటర్‌హెడ్డుపై పంపాలి. రాబోయే శాఖా మహాసభకు ఎన్నికయ్యే ప్రతినిధులలో శుభ్రతా కార్మికులు ఎందరో, వారిలో స్త్రీలు ఎందరో, ఒక్కరూ లేకపోతే అందుకు కారణమేమిటో కార్యదర్శులు నెలాఖరులోగా కేంద్ర కార్యాలయానికి వ్రాతపూర్వకంగా తెలియజేయవలసినదిగా కోరుతున్నాము.