డబ్బా తెల్లబడింది, డిస్కు ఏమైంది?

పాత కంప్యూటర్లను బాగుచేసే సరదా మన దగ్గరికీ వచ్చింది. ఎర్రగడ్డ సండే మార్కెట్‌లో పసుపుబారిన క్యాబినెట్ పట్టుకోవడం, కోఠి గుజరాతీ గల్లీలో కెపాసిటర్లు కొనడం, హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెట్టి ప్లాస్టిక్‌ను తెల్లగా చేయడం, విండోస్ 98 తెరుచుకునే మోత వినబడగానే వీడియో పెట్టేయడం. చూడ్డానికి బాగుంటుంది. పని కూడా తేలికైందేం కాదు. నా పేచీ ఆ పనితో కాదు, అది ఆగిపోయే చోటుతో. ఇలాంటి కథల్లో తరచూ ఒక మాట చాలా మామూలుగా వచ్చి పోతుంది: పాత హార్డ్ డిస్క్ తీసేసి సీఎఫ్ కార్డు పెట్టాను. ఆ తీసేసిన డిస్కులో ఏముందో చెప్పేవాళ్లు తక్కువ. చూసినవాళ్లు ఇంకా తక్కువ.

డిస్కు చదవకుండా డబ్బాను మెరిపించడాన్ని రిస్టోరేషన్ అనొద్దంటాను. దానికి పెయింటింగు పని అన్న పేరు సరిపోతుంది.

ఈ అలవాటు మనకు ఎక్కణ్ణించి వచ్చిందో చూడాలి. 1981లో బీబీసీ మైక్రో, 1982లో జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్, కమోడోర్ 64 వచ్చాయి. ఇంగ్లండులో, అమెరికాలో ఒక తరం పిల్లలు వాటి ముందు పెరిగారు. వాటి సాఫ్ట్‌వేర్ కొంత చిప్పులో, మిగతాది క్యాసెట్లలో, ఫ్లాపీల్లో ఉండేది. ఒకే ఆటకు వేల కాపీలు. ఒక క్యాసెట్ పాడైతే ఇంకోటి దొరుకుతుంది. అందుకే వాళ్లకు డబ్బానే ముఖ్యం. ఆ పద్ధతి అక్కడ సరిపోతుంది.

మన కథ వేరు. 1984లో మొదలైన క్లాస్ పథకంతో బీబీసీ మైక్రో కొన్ని బడుల్లోకి వచ్చింది. స్పెక్ట్రమ్‌ను డెసిబెల్స్ కంపెనీ డీబీ స్పెక్ట్రమ్ పేరుతో అమ్మింది. అయినా మామూలు ఇంటి గడప దాకా అవి రాలేదు. మందమర్రిలో కమోడోర్ 64 కోసం తిరగడమంటే కల్యాణి ఖనిలో బంగారం కోసం తవ్వినట్టే. ఇలాంటి ఊళ్లలో ఇంటికి ముందు వచ్చింది టీవీకి తగిలించే వీడియో గేమ్, తర్వాత విడిభాగాలు కలిపి బిగించిన అసెంబుల్డ్ పీసీ. ఆ పీసీ కూడా ఇంటి సరదా వస్తువుగా మిగల్లేదు. ముందు గదిలోనో మార్కెట్ మడిగెలోనో కూర్చుని పెళ్లి పత్రికలు, ప్రశ్నపత్రాలు, బయోడేటాలు, యూనియన్ కరపత్రాలు, కవితా సంకలనాలు కొట్టింది. అందులో ఉన్నది ఒక్క కాపీయే. అది పోతే ఇంకోటి లేదు. అసలు విలువ డిస్కులో ఉన్న యంత్రానికి, విలువంతా డబ్బాలో ఉన్న యంత్రానికి కనిపెట్టిన వైద్యం చేస్తున్నాం.

ఫైళ్లు కాపీ చేసుకుంటే చాలదా అంటారు. తెలుగు విషయంలో చాలదు. డాస్ కాలంలో పీసీలో తెలుగు కనబడడానికి ఒక దారి సీడాక్ వాళ్ల జిస్ట్ కార్డును లోపల గుచ్చడం. అందులో రాసింది ఇస్కీలో ఉంటే అదృష్టమే, ఎందుకంటే 1991లో ప్రమాణమైన ఆ పద్ధతిని యూనికోడ్‌లోకి మార్చడం సులువు. విండోస్ వచ్చాక చిక్కు పెరిగింది. 2001లో ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చేదాకా విండోస్‌లో యూనికోడ్ తెలుగు లేదు. అప్పటికే డీటీపీ అంతా అను లాంటి ఫాంట్లతో, పేజ్‌మేకర్‌లో నడుస్తోంది. ఆ ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టుకున్నాయి: తలకట్టు ఒకచోట, వత్తు ఇంకోచోట. ఫాంటు లేకుండా ఫైలు తెరిస్తే మీ కథ అర్థం కాని గుర్తుల కుప్పగా కనబడుతుంది. పేజ్‌మేకర్ ఫైళ్లను నేరుగా తెరవగలిగిన ఇన్‌డిజైన్ సీఎస్6తో ఆగిపోయింది. కొన్ని సాఫ్ట్‌వేర్లకైతే ప్రింటర్ పోర్టుకు తగిలించే తాళం కూడా కావాలి. అంటే ఆ ఫాంటుతో, ఆ సాఫ్ట్‌వేర్‌తో, ఆ తాళంతో నడిచే పాత యంత్రమే తాళంచెవి. యంత్రం బాగుచేసే నైపుణ్యం సాహిత్యానికి అక్కరకొచ్చేది ఇక్కడే. ఆ పని చేయగలిగినవాళ్లే డిస్కును చెత్తబుట్టలో వేస్తున్నారు.

ఇందులో ఏం పోతుందో బొగ్గుబాయి ఊరి నుంచి చూస్తే తెలుస్తుంది. సింగరేణిలో గుర్తింపు సంఘం ఎన్నికలు మొదటిసారి జరిగింది 1998లో, సరిగ్గా చేతి రాత, సీసపు అచ్చు వెనక్కి పోయి డీటీపీ ముందుకొచ్చిన రోజుల్లో. ఏ సంఘం ఏం హామీ ఇచ్చింది, ఎవరు ఎవర్ని ఏమని తిట్టారు, మస్టర్ల గురించి, క్వార్టర్ల గురించి, వారసత్వ ఉద్యోగాల గురించి కార్మికులు ఏ భాషలో అడిగారు? ఇవన్నీ ఏదో ఒక మిషన్ మీద కంపోజయి, ట్రేసింగ్ తీసి, ప్రెస్సుకు వెళ్లినవే. కరపత్రాన్ని చదివి పారేస్తారు. దాచేవాళ్లు తక్కువ. ఒకప్పుడు లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య తర్వాత సగానికి సగం పడిపోయింది. అండర్‌గ్రౌండ్ బాయిలు తగ్గి ఓపెన్‌కాస్టులు పెరిగాయి. ఆ మార్పును లోపలి నుంచి రాసిన కాగితం చినిగిపోయింది. దాని అసలు ప్రతి ఒక డిస్కులో ఉండిపోయిందనుకోండి, ఆ డిస్కు పాత సామాన్లకు ఉల్లిగడ్డలిచ్చే బండి ఎక్కుతుంది, లేదా మీ షెల్ఫు మీది అందమైన డబ్బా కోసం బయటికి పోతుంది. రెండింటికీ తేడా నాకు కనబడదు.

తాళపత్రాల దగ్గర మనకు ఈ సోయి ఉంది. సి.పి. బ్రౌన్‌ను తలుచుకునేది ఎందుకు? తాటాకుల కట్టలు సేకరించి, పండితుల్ని పెట్టి ప్రతులు రాయించి, పాఠాలు పోల్చి చూపించాడని. కట్టకు అటూ ఇటూ ఉండే చెక్కపలకలకు నూనె రాసి అల్మారాలో పెట్టాడని కాదు. తాటాకు జాగ్రత్తగా ఉంచితే వందల ఏళ్లుంటుంది. 1.44 ఎంబీ ఫ్లాపీకి అంత ఆయుష్షు లేదు. వానాకాలం తేమకు దాని మీద బూజు పడుతుంది. దాన్ని అలాగే డ్రైవులో పెడితే ఫ్లాపీ గీసుకుపోతుంది, డ్రైవు తలా పాడవుతుంది.

కాబట్టి పని వరుస మారాలి. యంత్రం దొరికిన వెంటనే స్విచ్ వేయొద్దు. ముందు డిస్కు విప్పి, దాని మీద ఏమీ రాయకుండా అడ్డుకునే అడాప్టర్‌తో మరో కంప్యూటర్‌కు తగిలించి, డీడీరెస్క్యూ లాంటి ప్రోగ్రామ్‌తో మొత్తం ప్రతిబింబం తీయాలి. ముసలి డిస్కుకు ప్రతి తిరుగుడూ ఆఖరిది కావచ్చు. ఫ్లాపీలను శుభ్రం చేసి గ్రీజ్‌వీజిల్ లాంటి పరికరంతో చదవాలి. ఆ తర్వాత బోర్డు: 386, 486 బోర్డుల మీది నికెల్ కాడ్మియం బ్యాటరీ కారి రాగి గీతల్ని తినేస్తుంది, దాన్ని ముందు తీసేయాలి. ఆపైన ఉబ్బిన కెపాసిటర్లు, ఎస్‌ఎమ్‌పీఎస్‌లో పేరుకున్న దుమ్ము. ఏ ఫాంట్లున్నాయి, ఏ కీబోర్డు లేఅవుట్ వాడారు, పేజ్‌మేకర్ ఎన్నో వెర్షన్, రాసిపెట్టాలి. ప్లాస్టిక్ తెల్లబరచడం అన్నిటికన్నా చివర. చేయకపోయినా నష్టం లేదు.

వేరేవాళ్ల డిస్కు చదవడం తప్పు కదా అనే ప్రశ్న సరైనదే. అందులో ఎవరి బ్యాంకు వివరాలో, ఎవరి ఉత్తరాలో ఉండొచ్చు. దానికి జవాబు కళ్లు మూసుకుని చెరిపేయడం కాదు. ఎవరి యంత్రమో కనుక్కుని అడగడం, ప్రతి వాళ్ల చేతికివ్వడం, వద్దంటే అక్కడితో ఆపడం. ఇది హాబీ, ఇంత బరువెందుకు అనేవాళ్లకు ఒకటే మాట: ఇంకొకరి రాత మీ చేతిలో ఉన్నప్పుడు మీ సరదాకు ఆ మాత్రం బరువు తప్పదు. అందులో ముప్పావు చెత్తే ఉంటుందంటే ఒప్పుకుంటాను. ఏది చెత్తో చదివాక తేల్చుకుందాం.

ఇంకో సంగతి. ఈ యంత్రాలను ఇన్నేళ్లు నడిపించింది హైదరాబాద్ ఫ్లాటులోని కలెక్టర్లు కాదు. మందమర్రి లాంటి ఊళ్ల మార్కెట్లలో సోల్డరింగ్ గన్ పట్టుకున్న మెకానిక్కులు, అను కీబోర్డు చూడకుండా కొట్టే డీటీపీ ఆపరేటర్లు. వాళ్లు చేస్తే రిపేరు, మనం చేస్తే రిస్టోరేషనా? ఫైలు ఏ ఫాంటులో ఉందో తెరమీది గుర్తులు చూసి చెప్పగలిగిన మనిషి దగ్గరికి వెళ్లి నేర్చుకోండి, ఆ పనికి డబ్బు కూడా ఇవ్వండి.

ఈసారి మెరిసే కంప్యూటర్ ఫోటో పెట్టినప్పుడు కింద రెండు సంగతులు రాయండి: డిస్కులో ఏం దొరికింది, దాన్ని ఎవరికి అప్పజెప్పారు. ఆ రెండూ ఉన్న ఫోటో ఒక్కటి కనబడినా నేను మీ డబ్బా తెల్లదనాన్ని కూడా మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.