పళవేర్కాడు పద్దు

మా అమ్మాయీ అల్లుడూ ఇటలీ వెళ్ళి, అక్కడ సముద్రం ఒడ్డున ఏదో చిన్న ఊళ్ళో నాలుగు రోజులుండి వచ్చారు. ఫోనులో ఫోటోలు వరసగా దిగుతుంటే మా ఆవిడ కళ్ళజోడు సవరించుకుని మరీ చూసింది. కొండవాలున రంగురంగుల ఇళ్ళు, కింద పడవలు, పాత కోట, చర్చి, వేయించిన చేపల పళ్ళెం. అన్నీ చూశాక, "ఏమండీ, పెళ్ళయి ఇన్నేళ్ళయింది, మెరీనా తప్ప మీరు నాకు చూపించిన సముద్రం ఏది?" అంది. ఆడిట్ అభ్యంతరానికైనా గడువు అడగవచ్చు, దీనికి కుదరదు.

కోట, చర్చి, పడవలు, చేపలు అన్నీ కలిసి ఉన్న ఊరు మన చెన్నైకి ఉత్తరాన సుమారు 60 కిలోమీటర్లలోనే ఉంది. మనం పులికాట్ అంటాం, తమిళులు పళవేర్కాడు అంటారు. ఆ సరస్సును మనవాళ్ళు ప్రళయకావేరి అని కూడా పిలుచుకున్నారు. స.వెం. రమేశ్ గారి 'ప్రళయకావేరి కథలు' చదివినవారికి అక్కడి దీవులూ, ఆ దీవుల తెలుగూ కొత్త కాదు. చదవనివారు వెళ్ళేముందు చదివితే మంచిది. తిరుపతికి ఏడాదికి రెండుసార్లు వెళ్ళే మన కుటుంబాల్లో ఎంతమంది ఈ ఊరివైపు ఒక్కసారైనా మళ్ళారు? నేనూ మళ్ళలేదు. దానికి నా కారణం నాకుంది, తరవాత చెబుతాను.

ఒక ఆదివారం పొద్దున్నే గుమ్మిడిపూండి లోకల్ ఎక్కి పొన్నేరిలో దిగి బస్సు పట్టుకున్నాం. మా ఆవిడ పులిహోర, పెరుగన్నం కట్టింది. ఊరు చేరేసరికి గాలిలో ఉప్పు, ఎండుచేపల వాసన కలిసి తగిలాయి. "మన చింతాద్రిపేట చేపల మార్కెట్టే నయం" అని ఆవిడ ముక్కు మూసుకుంది.

ఆ మాట హాస్యానికే అన్నా, చింతాద్రిపేటకూ ఈ ఊరికీ ఒక చుట్టరికం ఉంది. మూడు పక్కలా కూవం చుట్టిన మన పేట 1734లో నేతగాళ్ళ కోసం వెలిసింది. అప్పటి గవర్నరు జార్జి మోర్టన్ పిట్. స్థలం సుంకురామశెట్టి అనే తెలుగు వర్తకుడి తోట. చిన్న తరి పేట, అంటే చిన్న మగ్గాల పేట అన్నదే చింతాద్రిపేట అయిందని చెబుతారు. కంపెనీకి బట్ట కావాలి, బట్టకు నేతగాడు దగ్గరుండాలి, అందుకని ఇళ్ళు కట్టించి తెచ్చి కూర్చోబెట్టారు. ఈ వ్యాపారం ఇంగ్లీషువాళ్ళు కనిపెట్టింది కాదు. అంతకు నూరేళ్ళకు పైబడి ముందే పులికాట్‌లో డచ్చివాళ్ళు బట్టల వ్యాపారం సాగించారు.

వాళ్ళు 1610లో వేంకటపతిరాయల అనుమతితో అక్కడ దిగారు. అంతకుముందే పోర్చుగీసువాళ్ళున్నారు, వాళ్ళతో తగవు వచ్చింది. 1613 నాటికి డచ్చివాళ్ళు కోట కట్టుకుని తమ దేశంలోని ఒక సీమ పేరు మీద దానికి గెల్డ్రియా అని పేరు పెట్టారు. ఇంగ్లీషువాళ్ళు చెన్నపట్నం నేల సంపాదించింది 1639లో, దామెర్ల నాయకుల దగ్గర. అంటే అప్పటికి పులికాట్ పెద్ద రేవు, చెన్నపట్నం ఇసుకదిబ్బ. ఇప్పుడు తలకిందులైంది. ఆ కోటలో మిగిలింది ముళ్ళతుమ్మల మధ్య కొన్ని దిబ్బలు, కందకం ఆనవాళ్ళు. ఇటలీ ఫోటోలు చూసిన కళ్ళతో మా ఆవిడ అటూ ఇటూ చూసి, "కోట ఎక్కడండీ?" అంది. "నువ్వు నిలబడ్డదే" అన్నాను.

డచ్చి సమాధుల తోట మాత్రం ఆమెకు నచ్చింది. పురావస్తు శాఖవారి సంరక్షణలో ఉంది. ద్వారం దగ్గర రాతిలో చెక్కిన రెండు అస్థిపంజరాలు స్వాగతం చెబుతాయి. లోపల పెద్ద పెద్ద పలకల మీద పువ్వులు, కుటుంబ చిహ్నాలు, వరసలు వరసలుగా డచ్చి అక్షరాలు. ఎవరి పేరు, ఎప్పుడు పుట్టారు, ఎప్పుడు పోయారు, ఏ హోదా చేశారు, అంతా పద్ధతిగా ఉంది. మా బ్యాంకు రికార్డు గది కూడా ఇంత పద్ధతిగా ఉండదు.

నేను కామర్సు చదువుకున్నవాణ్ణి. ఏ ఊరు వెళ్ళినా ఇక్కడ డబ్బు ఎలా తిరిగింది అన్నదే ముందు తోస్తుంది. ఇక్కడ తిరిగిన తీరు ఇది. డచ్చి కంపెనీ పెద్ద వర్తకులకు ముందుగా సొమ్ము ఇచ్చేది. ఆ వర్తకుల్లో మన తెలుగు బలిజ శెట్లు ప్రముఖులు. వాళ్ళు ఆ సొమ్ములోంచి ఊళ్ళలో నేతగాళ్ళకు అడ్వాన్సు ఇచ్చేవారు. అడ్వాన్సు తీసుకున్న నేతగాడు బట్ట ఆ వర్తకుడికే ఇవ్వాలి. ఆ బట్ట ఓడెక్కి తూర్పు దీవులకు పోయి లవంగాలుగా, జాజికాయలుగా మారేది. గళ్ళ రుమాలుకు ఇంగ్లీషులో 'పులికేట్' అనే పేరే స్థిరపడిపోయింది. తరవాతి కాలంలో స్కాట్లండు నేతగాళ్ళు అదే పేరుతో తమ మగ్గాల మీద నేశారు. ఊరి పేరు బట్టకు అంటుకుని మిగిలింది, నేసినవాడి పేరు ఏ పలక మీదా లేదు.

ఆ ఓడల్లో బట్ట ఒక్కటే పోలేదు. 1620ల నుంచి 1660ల దాకా, ముఖ్యంగా కరువు ఏళ్ళలో, ఈ రేవు నుంచి వేలాదిమంది మనుషుల్ని బానిసలుగా బటావియాకు, అంటే నేటి జకార్తాకు, పంపారు. తిండిలేక తల్లిదండ్రులు పిల్లల్ని అమ్ముకున్నారు. కొన్నవాడు లెక్క రాసుకున్నాడు. బట్ట బేళ్ళతో పాటే మనుషులూ సరుకు కింద లెక్కకెక్కారు. ఈ సంగతి మా ఆవిడకు ఆ పలకల మధ్యే చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. కాసేపయ్యాక, "ఇక్కడ పులిహోర తినలేను, ఒడ్డుకు పోదాం" అంది.

సరస్సు ఒడ్డు చల్లగా ఉంది. ఒడిశాలో చిలికా తరవాత మన దేశంలో ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం ఆంధ్రలో, దక్షిణపు కొస తమిళనాడులో. అటు శ్రీహరికోట, అటుపక్క సముద్రం. చలికాలం రాజహంసలు దిగితే సూళ్ళూరుపేట వైపు జనం తిరునాళ్ళలా పోతారు. మేము వెళ్ళిన నెలలో కొంగలే ఉన్నాయి. పడవ ఎక్కలేదు. 2011లో క్రిస్మస్ నాడు ఇక్కడే పడవ మునిగి 22 మంది పోయారు, మా ఆవిడకు ఆ వార్త గుర్తుంది.

ఇక నా కారణం. 1996లో ఈ ప్రాంతంలో ఒక శాఖలో ఆఫీసరుగా ఉన్నాను. ఏ బ్యాంకు అన్నది అనవసరం. సరస్సు ఒడ్డు కుప్పం నుంచి ఒకాయన వల కొనుక్కోవడానికి అప్పు అడిగాడు. భూమి లేదు, నగ లేదు. "హామీ ఏముంది?" అన్నాను. "మాకు పాడు ఉంది సార్" అన్నాడు తమిళంలో. నేను తెలుగువాణ్ణి. పాడు అంటే నాకు తెలిసింది పాడైపోవడమే. "పాడు ఉన్నవాడికి అప్పెలా ఇస్తానయ్యా?" అని నవ్వాను, పక్క కౌంటరువాళ్ళూ నవ్వారు. దరఖాస్తు మీద హామీ లేదని రాసి పక్కన పెట్టాను. అతను మళ్ళీ రాలేదు. చాలా ఏళ్ళ తరవాత ఒక పత్రికలో పులికాట్ జాలర్ల పాడు పద్ధతి గురించి చదివినప్పుడు నా చెవులు వేడెక్కాయి. అప్పటినుంచీ ఈ దారి పట్టాలంటే మొహం చెల్లలేదు.

ఒడ్డున ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటున్నాడు. పక్కన కూర్చుని ఆ మాటే అడిగాను. ఆయన వేళ్ళు ఆపకుండా చెప్పాడు. సరస్సు సముద్రంలో కలిసే ముఖం దగ్గర రొయ్య పోటుతో కదులుతుంది. అక్కడ వల కట్టే చోట్లు కొన్నే. అందరూ ఒకేసారి దిగితే కొట్లాట. అందుకని ఊరి తలైకట్టు జాబితాలో పేరున్నవాళ్ళ మధ్య చీట్లు వేసి వంతులు పంచుకుంటారు. ఆ చోటూ ఆ వంతూ కలిపి పాడు. ఫలానా రోజు ఫలానా చోటు ఫలానా వాడిది, ఊరంతా దానికి సాక్షి. నేను ముప్ఫై ఏళ్ళుగా చూసిన ఎన్నో హామీ పత్రాలకంటే గట్టిది. నేను మాత్రం దాన్ని చూసి నవ్వాను.

"బ్యాంకు అప్పు దొరకనివాళ్ళు ఏం చేసేవారు?" అని అడిగాను, ఎవరి సంగతో చెప్పకుండా.

"రొయ్యల వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకునేవాళ్ళు" అన్నాడు. "తీసుకున్నాక రొయ్య ఆయనకే వెయ్యాలి. ధర ఆయన చెప్పిందే."

నాకు నోట మాట రాలేదు. మా ఆవిడ దూరాన తాటాకు బుట్టలు బేరం చేస్తోంది. ఇక్కడి ముస్లిం ఆడవాళ్ళు అల్లుతారు, రంగులు బాగుంటాయి. ఆ పెద్దాయన్ని, 1996లో వల అప్పుకు తిరిగిన ఒకాయన గురించి అడుగుదామనుకున్నాను. పేరు గుర్తులేదు. దరఖాస్తు మీద ఉండేది, నేను చూసుకోలేదు.

ఆయన తల ఎత్తి సరస్సు వైపు చూశాడు. "రేపు మా పెద్దవాడి పాడు. ఇవ్వాళ ఈ వల పూర్తి కావాలి. కాస్త లేవండి సార్, మీ కాలు దాని మీదుంది" అన్నాడు.